చూపు ఆగని గోడ

"తొమ్మిది" అని చెప్పింది మెషీను, ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా.

నూటికి తొమ్మిది. నలభై వస్తేగానీ పాసు కాదు. పేరిందేవి కొంగుతో మొహం తుడుచుకుని, గోడకు తగిలించిన తన డ్రాయింగ్ షీటు వంక చూసింది. ఇది నాలుగోసారి. మొదటిసారి పదహారు వచ్చింది. తరవాత పదమూడు, పోయిన నెల పదకొండు. నేర్చుకునేకొద్దీ మార్కులు తగ్గే విద్యార్థిని ఆ కాలేజీ పెట్టాక ఆవిడొక్కతే.

ఎదురుగా కూర్చున్న పన్నెండుమంది చూపరులు లేచి, కళ్ళకు పెట్టుకున్న బరువైన అద్దాలు తీసి ట్రేలో పెట్టారు. వాళ్ళేం కళ తెలిసినవాళ్ళు కారు. ఒకాయన బస్సు డ్రైవరు, ఒకావిడ నర్సు, ఇంకొకాయన చేపల మార్కెట్లో ఐసు కొట్టేవాడు. నెలకోసారి వచ్చి, విద్యార్థులు వేసిన బొమ్మల్ని చూసి వెళ్ళిపోతారు. వాళ్ళు ఏమనుకున్నారో ఎవరూ అడగరు. అడగాల్సిన పని లేకుండా చేసిందే ఆ మెషీను.

దాని అసలు పేరు విజువల్ రిటెన్షన్ ఇండెక్స్. బందరు జనానికి అంత నోరు తిరగక చూపు మీటరు అన్నారు, అదే స్థిరపడింది. సంగతి చాలా సులువు. మన కన్ను బొమ్మనంతా ఒక్కసారిగా చూడదు. సెకనుకు మూడేసి సార్లు ఇక్కణ్ణించి అక్కడికి గెంతుతూ, నచ్చినచోట కాస్త ఆగుతూ చూస్తుంది. ఆ గెంతుల్ని అద్దాల్లోని కెమెరాలు పట్టుకుంటాయి. కన్ను ఆగినచోట మెషీను ఎర్రరంగు వేస్తుంది, జారిపోయినచోట నీలంరంగు. ఎర్రదనం ఎంత ఉందో లెక్కకట్టి ఒక అంకె చెబుతుంది. చుక్క, గీత, ఆకారం, ఖాళీ జాగా, బరువుల పొందిక అంటూ టూ-డైమెన్షనల్ డిజైన్‌లో మొదటి పాఠాలుగా చెప్పేవాటన్నిటికీ ఇప్పుడు ఆ అంకే గురువు.

ఆ మెషీను కనిపెట్టిన డాక్టర్ కమలాకర్ ఆ క్లాసుకు మాస్టారు కూడా. నలభై నిండని మనిషి, నెమ్మదస్తుడు. పేరిందేవి షీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పేరిందేవి గారూ, మధ్యలో ఒక చుక్క పెట్టమన్నాను. ఒక్కటంటే ఒక్కటే."

"పెట్టానండి."

"మరి చుట్టూ ఈ నాలుగు ఏంటమ్మా?"

"ఒక్కటే పెడితే గుడ్డ మీద చార పడుతుందండి."

"ఇక్కడ గుడ్డ లేదు కదా."

"నాకు తెలుసండి. చేతికే తెలియదు."

ఆవిడ చెయ్యి ముప్ఫై ఏళ్ళుగా పెడనలో అద్దకపు అచ్చులు చెక్కిన చెయ్యి. టేకుచెక్క మీద పువ్వూ తీగా చెక్కి, రంగులో ముంచి, గుడ్డ మీద అద్దుతూపోవడం ఆ పని. ఒక చీరకు అదే అచ్చు కొన్ని వందలసార్లు పడుతుంది. అచ్చులో ఎక్కడో ఒక పువ్వు కాస్త బొద్దుగా ఉందనుకోండి, విడిగా చూస్తే ముచ్చటగానే ఉంటుంది. కానీ వందసార్లు వరసగా పడేసరికి ఆ బొద్దుపువ్వులన్నీ కలిసి చీర మీద అడ్డంగా చారలా కనిపిస్తాయి. ఇక ఆ చీర దండగ. అందుకని ఏ పువ్వూ పక్కపువ్వును మించకుండా, చూపు ఎక్కడా ఆగకుండా చెక్కడమే ఆవిడ నేర్చిన విద్య. అంచున సగం పువ్వు వేస్తే మిగతా సగం అవతలి అంచున ఉంటుంది. మధ్య అనేదే ఉండదు. ఆ విద్యకు చూపు మీటరు కట్టిన వెల తొమ్మిది.

ఇంతకీ పెద్దావిడకు ఈ వయసులో పరీక్షలెందుకంటారా? ఆ కాలేజీ వెనక షెడ్డులో పద్దెనిమిదేళ్ళుగా అచ్చు అద్దకం నేర్పుతున్నది ఆవిడే. ఆ ఏడు కొత్త రూలు వచ్చింది. డిజైన్ మౌలిక సూత్రాల్లో సర్టిఫికెట్ లేనివాళ్ళు ఇక పాఠం చెప్పకూడదట. పాసు కాకపోతే షెడ్డు మూసేసి, అచ్చుల్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అందుకని పొద్దున పాఠం చెప్పి, మధ్యాహ్నం తన శిష్యుల పక్కనే బెంచీ మీద కూర్చుంటోంది. షెడ్డు పోతుందేమోనన్న భయం ఆవిడకు అన్నం కూడా సహించనివ్వడం లేదు.

"మేడం, పెద్ద ఎర్ర సున్నా ఒకటి చుట్టేసి లేచి రండి. చేతులు వెనక్కి కట్టుకోండి" అని సలహా ఇచ్చింది హసీనా. షెడ్డులో ఆవిడకు ప్రియమైన శిష్యురాలు, మధ్యాహ్నం క్లాసులో తొంభై రెండు మార్కుల పిల్ల. ఆ సలహా ప్రకారం సాధన చేసి, క్లాసయ్యాక హసీనాకే అద్దాలు పెట్టి మెషీనుతో కొలిపిస్తే నలభై మూడు దాకా వచ్చింది. పేరిందేవికి ప్రాణం లేచొచ్చింది.

మరుసటి నెల పరీక్షరోజు ఎర్ర సున్నా చుట్టేసింది. బాగానే ఉంది. రంగు ఆరాలి, ఇంకా పది నిమిషాలుంది. అక్కడే కొంప మునిగింది. ఖాళీగా కూర్చోలేని చెయ్యి అంచున ఒక ఆకు వేసింది. ఆకు ఒంటరిగా ఉందని ఇంకోటి వేసింది. బెల్లు మోగేసరికి ఎర్ర సున్నా కాస్తా వంద పువ్వుల్లో ఒక పువ్వై కూర్చుంది.

"మూడు" అంది మెషీను.

హసీనా తల పట్టుకుంది. పేరిందేవికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షీటు గోడ మీంచి తీయబోతుంటే వెనకనుంచి ఎవరో అడిగారు.

"కాసేపు ఉంచండమ్మా."

బస్సు డ్రైవరు సింహాద్రి. అందరూ లేచినా ఆయన లేవలేదు. అద్దాలు కూడా తీయలేదు. కుర్చీలో వెనక్కి వాలి, ఇంటి అరుగు మీద కూర్చున్నంత నిమ్మళంగా ఉన్నాడు.

"ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?" అన్నాడు కమలాకర్.

"ఇప్పుడే బాగుంది డాక్టరుగారూ. రెండు నెలల్నించి నా కళ్ళు నా మాట వినట్లేదు. పోర్టు రోడ్డులో ఆ బోర్డులున్నాయి చూడండి, రోడ్డు చూద్దామంటే అవి లాక్కుంటున్నాయి. ఇంటికెళ్ళి పడుకున్నా రెప్పల కింద కళ్ళు గెంతుతూనే ఉంటాయి. ఈ బొమ్మ ముందు కూర్చుంటే ఊరుకున్నాయండి. ఇంకో పది నిమిషాలు కూర్చుని పోతాను."

ఇక్కడ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. కొత్త పోర్టు వచ్చాక బందరు పెద్ద నగరమైపోయింది. చూపు మీటరు వచ్చాక నగరంలో ప్రతి బోర్డూ దానితో కొలిచి వేయడం మొదలెట్టారు. తొంభైకి తక్కువైతే కొట్టువాడు బోర్డు వెనక్కి పంపేస్తాడు. చూపును పట్టుకుంటే వదలని బోర్డులు రెండు కిలోమీటర్ల పొడవునా రెండుపక్కలా నిలబడితే జనం గతేమిటి? నడిచేవాళ్ళు స్తంభాలకు గుద్దుకున్నారు, డ్రైవర్లు డివైడర్లెక్కించారు. మునిసిపాలిటీవాళ్ళు బెదిరిపోయి పోర్టు రోడ్డులో బోర్డులన్నీ ఒక వారం పీకించి చూశారు. అది మరీ అన్యాయం. తెల్లగోడ మీద ఏమీ దొరక్క, అలవాటుపడ్డ కళ్ళు ప్రతి మరకనూ పట్టుకు వేలాడాయి. చేసేదిలేక బోర్డులు మళ్ళీ పెట్టించారు.

ఇదంతా తన మెషీను నిర్వాకమేనని కమలాకర్‌కు తెలుసు. ఆరు నెలలుగా ఆయనకూ సరిగ్గా నిద్ర లేదు. సింహాద్రి అద్దాల లెక్కలు తెరమీద పెట్టించాడు. ఎర్రదనం ఎక్కడా లేదు. ఇంతవరకూ ఎవరూ పట్టించుకోని ఇంకో గీత ఉందక్కడ. అది రెప్పపాట్ల గీత. తొంభై మార్కుల బొమ్మల ముందు సింహాద్రి నిమిషానికి మూడుసార్లు రెప్పవేశాడు. పేరిందేవి బొమ్మ ముందు పదిహేనుసార్లు. ఆరోగ్యవంతుడు వేసే లెక్క అది. మిగతా పదకొండుమందివీ తీసి చూశాడు. అందరిదీ అదే వరస.

"అమ్మా, కన్ను ఇక్కడ ఆగట్లేదు. అలాగని పారిపోవట్లేదు కూడా. హాయిగా షికారు తిరుగుతోంది" అన్నాడు నెమ్మదిగా.

"అంటే పాసేనా అండి?"

"మెషీను లెక్కన కాదు. కానీ రూల్సులో ఇంకో దారి ఉంది. పరీక్ష తప్పినవాళ్ళు ఊళ్ళో ఏదైనా డిజైన్ పని చేసి, మునిసిపల్ తనిఖీ అధికారి పని పూర్తయిందని సంతకం పెడితే సర్టిఫికెట్ ఇవ్వచ్చు. పోర్టు రోడ్డు గోడలు మీకు ఇప్పిస్తాను."

పేరిందేవి మూరెడు పొడవూ మూరెడు వెడల్పూ ఉన్న అచ్చు ఒకటి చెక్కి, శిష్యుల కోసం దానికి నకళ్ళు తీయించింది. బూడిదరంగు తీగ, దాని మీద లేత మట్టిరంగు పువ్వులు. మునిసిపాలిటీవాళ్ళు బోర్డులు దింపిన రోజే శిష్యులు పదిమందినీ వెంటేసుకుని పని మొదలెట్టింది. గుడ్డ మీద అద్దినట్టే గోడ మీద అద్దుకుంటూపోయారు. ఇరవై రెండు రోజులు ఎండలో నిలబడి అచ్చు పక్కన అచ్చు, వరస కింద వరస. ఎక్కడైనా రంగు ఒక పిసరు ఎక్కువైతే ఆవిడ వేలితో అద్ది తగ్గించేది. ఆఖరి అచ్చు పడ్డాక శిష్యులందరికీ మజ్జిగ పోయించి, నడుం పట్టుకుని ఫుట్‌పాత్ మీద కూలబడింది.

వారం గడిచింది. పోర్టు రోడ్డులో ఒక్కరూ గుద్దుకోలేదు. సింహాద్రి పనిగట్టుకుని షెడ్డుకు వచ్చి, నిన్న రాత్రి ఏడుగంటలు నిద్రపోయానమ్మా అని చెప్పి వెళ్ళాడు. ఆవిడ కడుపు నిండిపోయింది.

ఆ మర్నాడే తనిఖీ రిపోర్టు వచ్చింది. హసీనా చదివి వినిపించింది.

"పోర్టు రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా కాలినడకన పరిశీలించితిని. వాతావరణం ఆహ్లాదకరముగా ఉన్నది. గోడలపై చిత్రలేఖనమేదీ కానరాలేదు. పని ప్రారంభించిన పిదప తెలియజేయవలెను. ఇట్లు, భుజంగరావు."

పేరిందేవి ఆ కాగితం అందుకుని మళ్ళీ చూసింది. ఇరవై రెండు రోజుల పని కనబడలేదట. ఇక షెడ్డుకు తాళమే. పక్కనే ఉన్న కమలాకర్ మాత్రం బల్లకు ఆనుకుని నవ్వడం మొదలెట్టాడు. ఆయన అంతలా నవ్వడం ఆ కాలేజీలో ఎవరూ చూడలేదు.

"మీకు నవ్వులాటగా ఉందా అండీ?" అంది ఆవిడ, కాస్త కోపంగానే.

"లేదమ్మా, లేదు. పదండి, ఆయన్ని తీసుకుని రోడ్డు మీదకి వెళ్దాం."

భుజంగరావు యాభై దాటిన పద్ధతైన మనిషి. చేతిలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. రోడ్డు మధ్యలో గోడకు చెయ్యి ఆనించి నిలబడి, "ఏదండీ మరి మీ బొమ్మ?" అన్నాడు.

"మీ చెయ్యి దాని మీదే ఉందండి" అంది పేరిందేవి.

ఆయన చెయ్యి తీసి చూశాడు. కళ్ళజోడు సవరించుకుని దగ్గరకు వెళ్ళి చూశాడు. వెనక్కి జరిగి చూశాడు. తీగ దొరికింది, తీగ వెంట పువ్వు దొరికింది, ఆ పువ్వు పట్టుకుని రెండు కిలోమీటర్లు అటూ ఇటూ చూసి నోరు తెరిచాడు.

"ఇదంతా ఉందా? నేను మొన్న దీని పక్కనే నడిచానే. ఎంత హాయిగా నడిచానో మా ఇంట్లో కూడా చెప్పాను."

"అదేనండి పని" అన్నాడు కమలాకర్.

భుజంగరావు మంచివాడే. అక్కడికక్కడే రిపోర్టు దిద్దాడు. సంతకం పెట్టబోయి ఆగాడు.

"ఒక్కటుందమ్మా. ప్రభుత్వ పనన్నాక బోర్డుండాలి. ఏం పని, ఎవరు చేశారు, ఎప్పుడు పూర్తయింది. పెద్ద అక్షరాల్లో, రోడ్డు మలుపులో. ఆ బోర్డు ఫోటో లేకపోతే ఫైలు కదలదు."

కమలాకర్ మొహం వాడిపోయింది. "బోర్డు పెడితే అందరి చూపూ మళ్ళీ దానికే తగులుకుంటుందండి. చేసిందంతా పాడవుతుంది."

"రూలు నేను రాయలేదు కదండీ."

పేరిందేవి చెంగు నడుముకు దోపుకుంది.

"బోర్డు నేనే వేస్తానండి" అంది.

మూడురోజుల్లో వేసింది. నిలువెత్తు బోర్డు. 'పోర్టు రోడ్డు గోడల అద్దకం. రూపకర్త బట్టా పేరిందేవి, పెడన' అని, కింద తేదీతో సహా, జానెడేసి అక్షరాల్లో. రూలులో అడిగినవన్నీ ఉన్నాయి. అక్షరాలకు అదే బూడిదరంగు, వాటి నడుమ అదే మట్టిరంగు పువ్వులు. భుజంగరావు వచ్చి, ఎక్కడుందో వేలు పెట్టి చూపించాక, ప్రతి అక్షరమూ కూడబలుక్కుని చదివి, ఫోటో తీసుకుని సంతకం పెట్టాడు. సాయంత్రానికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాన్ని చూసుకుని పేరిందేవి షెడ్డులో కూర్చుని తనివితీరా ఏడ్చింది. ఆ పూట అన్నం కూడా రెండు మార్లు వడ్డించుకుంది.

మర్నాడు పొద్దున సింహాద్రి బస్సులోనే కాలేజీకి బయల్దేరింది. మలుపు రాగానే తన పేరు చూసుకుందామని కిటికీ పక్కకు జరిగింది. బస్సు తిరిగింది, సముద్రపు గాలి కొట్టింది, ముందుసీటు పాప వెనక్కి తిరిగి నవ్వింది, రోడ్డు పక్కన ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటూ నడిచిపోతున్నారు. కాలేజీ గేటు దగ్గర దిగాకగానీ పేరిందేవికి గుర్తురాలేదు, బోర్డు దాటిపోయిందని.

"హమ్మయ్య" అనుకుని షెడ్డు తాళం తీసింది.