పూంగొడి ఊపిరి తీసిన ఇల్లు

సారం పేటలో పాల బూతు పక్క సందులోకి తిరిగితే ఎడమ చేతి వైపు నాలుగో ఇల్లు. పచ్చ గేటు, తుప్పు తాళం. చీకటి పడ్డాక ఆ గేటు ముందు నుంచి నడవాల్సి వస్తే సందులో వాళ్ళు ఎదుటి గోడను రాసుకుంటూ, ఊపిరి బిగబట్టి పోయేవాళ్ళు. సైకిల్ మీద వచ్చేవాళ్ళు తల తిప్పకుండా గట్టిగా తొక్కేవాళ్ళు.

ఎందుకంటే — ఆ ఇల్లు ఊపిరి తీసేది.

రోజూ కాదు. వారానికి రెండు మూడు సార్లు. రాత్రి ఏడూ ఎనిమిదీ మధ్య, మూసిన కిటికీల వెనక నుంచి... స్స్స్స్... అని సన్నగా మొదలయ్యేది. ఆగేది. మళ్ళీ... స్స్స్స్... గొంతు పట్టేసిన మనిషి గాలి కోసం పెనుగులాడినట్టు. ఆ వెంటనే ఒక వాసన. ఏదో కుళ్ళి, మురిగి, సందులోకి పాకినట్టుండే వాసన.

ఆ ఇంట్లో చివరగా అద్దెకున్నది పూంగొడి. ఉబ్బసం మనిషి. రెండువేల నాలుగు వానల్లో ఒక రాత్రి ఊపిరందక ఆ నడిమింట్లోనే పోయింది. మొగుడు సామాను బండికెత్తుకుని వెళ్ళిపోయాడు. ఇంటి యజమాని ఉండేది చెన్నైలో. తాళం చెవి అవతలి పక్కింటి ముకుందన్ చేతిలో పెట్టి, మళ్ళీ ఇటు రాలేదు.

ఏడాదిన్నర గడిచాక ఊపిరి మొదలైంది. మొదట విన్నదీ ముకుందనే. నుదుట నామం, ఉతికిన తెల్ల పంచె, మెత్తటి మాట. గుమ్మం గుమ్మం దగ్గరా నిలబడి చెప్పాడు —

"పూంగొడి యింకా పోలా... గాలి అడగతా ఉండాది. ఆ పక్కకి పోవద్దండి, అంతే."

సందంతా నమ్మింది. నమ్మనిది అంబుజం ఒక్కతే.

అంబుజానికి అరవై దగ్గర. ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఆరేళ్ళు వంట చేసి రిటైరైన మనిషి. నూట యాభై మందికి సాంబారు కాచిన చేతులు, ఎవరినీ లెక్కచెయ్యని నోరు. ఖాళీ ఇంటికి ఇవతలి పక్కిల్లు ఆమెది. సందులో వాళ్ళు దెయ్యం గురించి గుసగుసలాడుతుంటే చీపురు ఆపి చూసేది — బురదలో పొర్లే వాటిని చూసినట్టు.

"ఆ పూంగొడి బతికుండంగా కూరగాయలోడితో కూడా గొంతెత్తి బేరమాడలా. రసం గిన్నె ఇస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అది చచ్చినాక మిమ్మల్ని బెదిరిస్తాదా? మీ మొకాలకి దెయ్యం ఒకటి కావాల్నా?"

"మరి ఆ వాసన ఏంది అక్కా?" అని ఎవరో అడిగితే — "కాలవ. మునిసిపాలిటీ కాలవ. దానికీ కొబ్బరికాయ కొట్టండి పోయి!" అనేది.

అంతకుమించి ఆమె పట్టించుకోలేదు. ముక్కుపొడుం అలవాటు, వాసనలు ఆమె దాకా రావడం మానేసి చాలా కాలమైంది. పైగా ఈ పిరికి గుంపు మాట్లాడే విషయాన్ని తను పోయి చూడటమే చిన్నతనం అనుకుంది. ఆ మాటకు తర్వాత్తర్వాత ఆమే సిగ్గుపడింది.

ఎందుకంటే కోడలు జనని వాడిపోవడం మొదలుపెట్టింది.

జనని వంటగది కిటికీ ఆ ఖాళీ ఇంటి వైపే తెరుచుకుంటుంది. దీపాల వేళ దోసె పెనం పెట్టే మనిషి — ఉన్నట్టుండి తల పట్టుకుని కూలబడేది. కడుపులో తిప్పేది. కళ్ళు తేలేసి, "అత్తా... యెవురో నా ఊపిరి లాగేస్తా ఉండారు..." అనేది. బయటికి తెచ్చి వాకిట్లో కూర్చోబెడితే కాసేపటికి తేరుకునేది. డాక్టరు రక్తం చూశాడు, ఏమీ లేదన్నాడు.

సందుకు అంతకన్నా ఏం కావాలి? పూంగొడి జననిని పట్టింది. అయిపోయింది!

అంబుజం కొడుకు భువనేశ్ తట్టాంచావడిలో ప్లాస్టిక్ కంపెనీ సూపర్‌వైజరు. పది మంది మీద అరిచే ఉద్యోగం. ఇంటికొచ్చి మాత్రం ముకుందన్ చెప్పిందల్లా తలూపి వినేవాడు. ఒక మంగళవారం సాయంత్రం దొరైస్వామి అనే పూసారిని వెంటపెట్టుకుని వచ్చాడు — దెయ్యాలు దించేవాడట. నల్ల పంచె, మెడ నిండా పూసలు, చేతిలో ఉడుక్కై డమరుకం, చంకలో వేపమండల కట్ట.

"ముందుగా యెవురికీ చెప్పొద్దన్నాడమ్మా స్వామి. చెప్తే దానికి తెలిసిపోతాదంట."

అంబుజం పూసారిని పైనుంచి కిందికి చూసింది. "ఈడా స్వామి? ఈడి పంచెకి వడ పిండి అంటుకుని ఉండాది. నాయనా, నీకు జీతమిచ్చే కంపెనీ యెట్ల నడస్తాందిరా?"

కానీ జనని ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తా... ఒక్కసారి చూద్దాం అత్తా. నా వల్ల కావడం లేదు." ఆ చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. అంబుజం పూసారికి దారి వదిలింది.

ఏడున్నరకి కరెంటు పోయింది.

దానికోసమే కాచుకున్నట్టు పూసారి లేచాడు. ముత్తైదువ చేతిలో కర్పూరం పళ్ళెం ఉండాలన్నాడు — జననికిచ్చాడు. ఇంటి పెద్ద చేతిలో పసుపునీళ్ళ బిందె ఉండాలన్నాడు — అంబుజం చంకలో పెట్టాడు. సందులో పది పదిహేను మంది వెనక చేరారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, గొర్రెల్లాగా.

తాళం చెవి కోసం భువనేశ్ ముకుందన్ ఇంటి తలుపు కొట్టాడు. పలుకు లేదు.

"ఇంట్లో లేడు," అన్నాడు తిరిగొచ్చి.

"పగలగొట్టు," అన్నాడు పూసారి.

తుప్పు తాళం రెండు దెబ్బలకే ఊడింది. గేటు కీచుమంది. వాకిట్లో ఎండాకులు. వీధి తలుపు గడియ మాత్రమే వేసి ఉంది, తోస్తే తెరుచుకుంది. ముందుగది చీకటి. దాని వెనక — మూసి ఉన్న నడిమింటి తలుపు.

ఆ తలుపు అవతల నుంచి...

స్స్స్స్...

గుంపులో సగం మంది వాకిట్లోనే నిలిచిపోయారు. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. అంబుజానికి కూడా వెన్నులో ఏదో పాకింది. అది ఆమెకే కోపం తెప్పించింది.

స్స్స్స్... ఆగలేదు ఈసారి. ఒకే ఊపిరి. పొడుగ్గా, తెంపు లేకుండా.

పూసారి కర్పూరం వెలిగించాడు. జనని ముఖం ఎర్రగా వెలిగి, వణికింది. ఉడుక్కై డుబడుబమంది.

లోపల ఏదో ఇనుప చప్పుడు... ఠంగ్... పరుగు... ఆపైన, ఇంటి వెనక నుంచి, ఎక్కడో ఎత్తు నుంచి — ఒక ఆడగొంతు.

"రావొద్దూ... నిప్పు తేవొద్దూ... తెస్తే అందురూ చస్తారూ..."

వాకిట్లో ఉన్నవాళ్ళు సందులోకి పారిపోయారు. భువనేశ్ గోడకు అతుక్కున్నాడు. పూసారి మాత్రం పండగ చేసుకున్నాడు.

"చూస్తిరా! నిప్పంటే వొణకతా ఉండాది! ముందుకి రా తల్లీ, ముందుకి రా!"

జనని రెండడుగులు వేసింది.

"వొద్దంటే వినరేంది!" గొంతు మారింది. ఇప్పుడది మగగొంతు. బొంగురుగా, ఏడుస్తున్నట్టు. "నేను ముకుందన్‌నిరా! గ్యాసు! లోపలంతా గ్యాసురా! ఆర్పెయ్యండిరా!"

జనని ఆగి పూసారి వైపు తిరిగింది.

"నమ్మొద్దు," అన్నాడు పూసారి మెల్లగా, తెలిసినవాడిలా. "తెలిసినోళ్ళ గొంతు పెట్టుకునే రకం ఇది. మాయ. పళ్ళెం తీసి గడప దగ్గర నేల మీద పెట్టు తల్లీ. తలుపు నేను తెరస్తా."

జనని వంగింది.

అంబుజం తన జీవితంలో అంత లోతుగా ఎప్పుడూ గాలి పీల్చలేదు. పొడుం పట్టిన ముక్కు, ఇరవై ఆరేళ్ళ వంటింటి ముక్కు... అందులోకి ఆ వాసన దిగింది. ఒకనాటి తెల్లవారుజామున హాస్టల్ వంటగది తలుపు తియ్యగానే ముఖాన కొట్టిన వాసన. ఆ రోజు అగ్గిపుల్ల గీయబోయిన పిల్ల చెంప పగలగొట్టి బయటికి ఈడ్చుకొచ్చింది తను. గ్యాసు పైకి లేవదు. నేల మీదే పాకుతుంది. తలుపు సందుల కింద నుంచి, నీళ్ళలాగా...

పళ్ళెం నేలకు జానెడు దూరంలో ఉంది.

"జననీ, పైకెత్తే!"

అరుపుతో పాటే బిందె మొత్తం గుమ్మరించింది. పసుపునీళ్ళు పళ్ళెం మీద, కోడలి తల మీద, పూసారి ముఖం మీద. కర్పూరం చుయ్ మని చచ్చింది. చీకటి మూసుకుంది.

"ముసిల్దాన్ని కూడా పట్టింది!" అని పూసారి కేక.

అంబుజం ఆ చీకట్లోనే అతని మెడలో పూసలు దొరకబుచ్చుకుని కిందికి లాగింది. "ముక్కుండాదా నీకు? పీల్చు. బాగా పీల్చు!"

అతను పీల్చాడు. ఉడుక్కై కింద పడేశాడు. లోపల మిగిలినవాళ్ళలో ముందుగా సందులో తేలినవాడు అతనే.

"టార్చి వెయ్యొద్దు! యెవురూ బీడీ ముట్టించొద్దు!" జననిని నడుం పట్టి ఎత్తుకొచ్చినట్టు తెచ్చి పాల బూతు దగ్గర కూర్చోబెట్టింది అంబుజం. తర్వాత ముక్కుకు కొంగు కట్టుకుని ఒక్కతే వెనక్కి పోయింది. నడిమింటి తలుపు తోసింది. కిటికీలు బార్లా తెరిచింది; ఆకాశపు మసక వెలుతురు లోపలికి పడింది. గది మధ్య స్టూలు మీద తలకిందులుగా పెట్టిన పెద్ద సిలిండరు, దాని మూతికి రబ్బరు గొట్టం. గొట్టం రెండో కొస బుడ్డి సిలిండరు నుంచి ఊడి నేల మీద పాములా పడి ఉంది. బుస అక్కడి నుంచే. తడుముకుంటూ మర తిప్పింది.

ఊపిరి ఆగింది.

అరగంట అందరూ సందులోనే నిలబడ్డారు. గాలి ఆడి, వాసన పలచబడింది. అప్పుడు కరెంటు వచ్చింది.

వెనక వీధి దీపం వెలిగింది — ఇంటి పక్క సందులోంచి పెరటిగోడ కనిపించింది. గోడ మీద తెల్లగా ఏదో వేలాడుతోంది. కాళ్ళు ఆడిస్తోంది.

ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. అంబుజం నడిచి దగ్గరికి పోయింది.

ముకుందన్. గోడ పైన గుచ్చిన గాజుపెంకులకు పంచె చిక్కుకుని, సగం ఇవతల సగం అవతల. మెడకు సంచీ, సంచీలో రెండు బుడ్డి సిలిండర్లు. అవి వదిలేసి ఉంటే ఎప్పుడో దూకిపోయేవాడు. అరిచిన ఆ రెండు అరుపులూ అక్కడి నుంచే — ముందు తను గోడెక్కి, ఆ తర్వాత అరిచాడు.

దించారు. నామం చెమటకు కరిగి ముక్కు మీదికి కారింది. పెరటి కొట్టంలో గోనెల కింద ఇంకా బుడ్డీలు. అద్దెగదుల్లో వండుకునే కుర్రాళ్ళకీ, టీ బండ్లకీ ఇతను దొంగచాటుగా నింపి అమ్మేవి.

"నా కోడలు నాలుగు నెల్లుగా నీ గ్యాసు పీలస్తా ఉండాది," అంది అంబుజం. గొంతు పెంచలేదు. "రోజూ గుమ్మం కాడికొచ్చి అడిగినావు గదరా, 'జననికి యెట్లుండాది పెద్దమ్మా' అని."

ముకుందన్ చిరిగిన పంచె సర్దుకున్నాడు.

అంతలో పూసారి గుంపును తోసుకుని వచ్చాడు. సందులోకి పరిగెత్తినప్పుడు పడిపోయిన నోరు మళ్ళీ లేచినట్టుంది. "ఇది ముకుందన్ చేసింది కాదు! పూంగొడి చేయించింది! ఆయన్ని పట్టి, ఆయన చేత చేయిస్తా ఉండాది!"

గుంపు కదిలింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "నిజమే ఉంటాది... మంచి మనిషి గదా... నామం పెట్టుకునే మనిషి..." అన్నారు వెనక నుంచి. భువనేశ్ కూడా తలూపాడు.

అంబుజం వాళ్ళందరినీ ఒకసారి చుట్టూ చూసింది. అంత చులకనగా ఎవరినీ చూడలేదు ఆమె ఎన్నడూ. తర్వాత ముకుందన్ గడ్డం పట్టి ముఖం పైకెత్తింది.

"నువ్వే చెప్పు నాయనా. యెవురు నువ్వు? ముకుందన్ అయితే స్టేషన్‌కి పోవాల. పూంగొడి అయితే వేపమండలతో దెబ్బలు తినాల. చెప్పు."

ముకుందన్ కళ్ళు బుడ్డీల వైపు పోయాయి. పూసారి చేతిలో వేపకట్ట వైపు పోయాయి. సందులో వాళ్ళ మీదికి పోయాయి — జాలిగా, ఆశగా చూస్తున్న ఆ ముఖాల మీదికి.

మెల్లగా తల ఊగడం మొదలైంది. జుట్టు చెదిరింది. నోరు వంకర పోయింది... సన్నని ఆడగొంతు వచ్చింది.

"నేను... పూంగొడినీ..."

సందు మొత్తం ఒక్కసారి చేతులు జోడించింది.

"అట్లనా తల్లీ," అంది అంబుజం. వేపకట్టలోంచి లావుపాటి మండ ఏరి, ఆకులు దూసి పారేసి, ఉత్త బెత్తాన్ని పూసారి చేతిలో పెట్టింది. మొదటి దెబ్బ ఠప్పుమంది. ముకుందన్ తన సొంత గొంతుతోనే "అమ్మా!" అన్నాడు.

ఆమె కొడుకు వైపు తిరిగింది.

"స్టేషన్‌కి ఫోన్ చెయ్‌రా. వాళ్ళొచ్చే లోపల దెయ్యం దిగిపోతాదిలే."