మోరీ స్టేజీ దగ్గర చెయ్యెత్తేవాడు

ఇల్లందు దాటి టేకులపల్లి వైపు పోయే దారిలో, అడవి రెండు పక్కల నుంచీ రోడ్డు మీదికి వంగే చోట, ఒక పాత మోరీ ఉందట. కింద వాగు, పైన తారు రోడ్డు, పక్కన రంగు పోయిన బోర్డు. కండక్టర్లు దాన్ని మోరీ స్టేజీ అంటారు. పగటిపూట ఎవరో ఒకరు దిగుతారు. పొద్దుగూకిందా... ఇక ఏ డ్రైవరూ అక్కడ బ్రేకు మీద కాలు పెట్టడు.

తెల్లబట్టల ముసలాయన ఒకడు చెయ్యెత్తుతాడట. భుజం మీద ఏదో మూట. ఆపితే — ఎవరూ ఉండరు. ఆపకపోతే — బస్సు వెనకాలే పరుగెత్తుకొస్తాడు. అద్దంలో చాలాసేపు కనిపిస్తూనే ఉంటాడట.

ఇది 2003 నాటి మాట. అప్పటిదాకా కండక్టర్ల మధ్యనే తిరిగిన ఈ కబురు జిల్లా అంతా పాకడానికి కారకుడు ఆంథోని మాస్టారు. ఖమ్మంలో ఒక మిషన్ బడిలో సోషల్ చెప్పేవాడు.

ఆయనకు సైకిలు తొక్కడం కూడా రాదు. బస్సు పిచ్చి మాత్రం నిలువెల్లా ఉంది. ఆదివారం చర్చిలో పూజ అయిందంటే చాలు, బస్సెక్కేవాడు. ఖిల్లా దగ్గర దిగి గోడల మీది గీతలన్నీ టార్చి వేసి చూసేవాడు. మున్నేటి వంతెన దగ్గర దిగి, వంతెన లేనప్పుడు జనం ఎక్కడ దాటేవారో చేపలమ్మే ఆడవాళ్ళను అడిగేవాడు. వాళ్ళు ముందు చేపలు కొనమనేవారు. కొనేవాడు.

"ఊరి చరిత్ర తెల్వాలంటే రాజుల పేర్లు కాదు, స్టేజీల పేర్లు సదవాలె" అనేవాడు ఇంటికొచ్చి.

"సదివితే సదివిన్రు గని, వచ్చేటప్పుడు టమాటలు గూడ పట్టుకరాండ్రి" అనేది ఆయన భార్య గ్రేస్.

చూసినవన్నీ ఊళ్ళోని ఒక వారపత్రికకు రాసేవాడు. ఊళ్ళో స్టేజీలు అయిపోయాక అడవి దారి పట్టాడు. మోరీ స్టేజీ గురించి మాత్రం బస్టాండు టీ హోటల్లో కూర్చుని, కండక్టర్లు చెప్పింది విని, దానికి ఇంత ఉప్పూ కారం తగిలించి రాశాడు. ఆయన రాసినవాటిలో జనం ఎగబడి చదివింది అదొక్కటే. కూరగాయల బజారులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆపి మరీ మెచ్చుకున్నారు. మాస్టారు వారం రోజులు నేల మీద నడవలేదు.

అదంతా పుస్తకంగా వేద్దామనుకుంటుండగా ముదిగొండ నుంచి కార్డు ముక్క వచ్చింది. రాసినాయన బసవపున్నయ్య అనే రైతు. "మాస్టారూ, మీరు అక్కడ దిగి చూశారా? దిగకుండా రాస్తే దాన్ని చరిత్ర అనరు, గాలి కబురు అంటారు."

మాస్టారికి అది ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే దిగలేదు. ఆ ఒక్క స్టేజీలోనే దిగలేదు. దిగితే తప్ప పుస్తకం మీద తన పేరు వేసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

నవంబరులో ఒక ఆదివారం, పూజకు వేసుకున్న తెల్ల చొక్కా తెల్ల ప్యాంటుతోనే, భుజాన సంచీతో, సాయంత్రం కొత్తగూడెం బస్సెక్కాడు. కండక్టరు రామ్‌చందర్ తెలిసినవాడే.

"మోరీ స్టేజీ ఒకటి."

రామ్‌చందర్ టికెట్టు చింపబోయి ఆగాడు. "సార్... గాడ దిగుతరా? దాని గురించి రాసింది మీరే గదా?"

"అందుకే దిగుతున్న."

"మల్ల ఎక్కుడెట్ల?"

"వచ్చే బస్సుకు చెయ్యెత్తుత."

రామ్‌చందర్ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఏదో అనబోయి... బెల్లు కొట్టాడు.

ఆరు కావొస్తోంది. మాస్టారు మోరీ పొడవు అడుగులతో కొలిచాడు, ఇరవై రెండు. బోర్డు మీద అక్షరాలు రాసుకున్నాడు. అడుగుదామంటే మనిషి జాడ లేదు. వాగులోంచి కప్పలు మాత్రం అడగకుండానే చెబుతున్నాయి. చూస్తుండగానే చీకటి పడింది. సెల్ ఫోన్ ఆయనకు లేదు, ఉన్నా అక్కడ పలకదు.

ఏడు దాటాక ఖమ్మం వెళ్ళే బస్సు వెలుగు కనిపించింది. మాస్టారు బోర్డు పక్కన నిలబడి నిబ్బరంగా చెయ్యెత్తాడు.

బస్సు ఆగలేదు సరికదా, జోరు పెంచింది. కిటికీలో ఒకావిడ ఆయన్ను చూసి కొంగుతో పిల్ల మొహం కప్పడం కనిపించింది. ఇంకొకాయన కళ్ళు మూసుకుని గబగబా ఏదో జపిస్తున్నాడు.

"ఆపండయ్యా! నేను మనిషినే!" అని అరుస్తూ మాస్టారు బస్సు వెంటపడ్డాడు. సంచీ వీపుకు కొట్టుకుంటోంది. యాభై అడుగులు... వంద అడుగులు... ఎర్రలైటు మలుపు తిరిగింది.

ఆయన ఆగాడు.

వెనక పరుగు చప్పుడు మాత్రం ఆగలేదు.

దబ్... దబ్... దబ్... చెప్పుల్లేని కాళ్ళు. దగ్గరికొస్తున్నాయి. మాస్టారు మెడలోని సిలువ పట్టుకుని మెల్లగా తిరిగాడు. తెల్ల ధోవతి. తెల్ల తలపాగా. ముసలి మొహం. భుజం మీద మూట. అచ్చం ఆయన రాసినట్టే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా.

అది వచ్చి ఆయన ముందు నిలబడింది. రొప్పింది. తర్వాత గుసగుసగా అంది —

"సారూ... నీకు గూడ ఆపలే?"

మూట ఏడ్చింది.

ముసలాయన పేరు బిచ్యా. అడవి లోపల రెండు మైళ్ళ దూరంలో ఇరవై గడపల తండా. మూటలో ఉన్నది రెండేళ్ళ మనవరాలు. వెనకే పరుగెత్తుకొచ్చిన కూతురు చాంది, పిల్లను తీసుకుని రొమ్ముకు హత్తుకుంది. పిల్లకు మూడు రోజుల నుంచి జ్వరం, మధ్యాహ్నం నుంచి ఫిట్స్. ఒళ్ళు కాలిపోతోంది. తండాలో ఉన్న ఒక్క ఆటో అంగడికి పోయి తిరిగి రాలేదు. ఇల్లందు దవాఖానాకు చేరాలంటే ఇక మిగిలింది ఎనిమిదిన్నర బస్సు. అదే ఆఖరిది.

"ఇంతకుముందు గూడ ఆపకపోయేటోళ్ళా?" అన్నాడు మాస్టారు.

"ఒకలో ఇద్దరో ఆపేటోళ్ళు సారు. ఆపినా గంత దూరం పొయ్యి ఆపుదురు. మేం ఉరికి ఒచ్చేలోపల ఎవ్వల్లేరని పోదురు. పోయిన ఎండకాలం ఎవడో పేపర్ల రాసిండంట, ఈడ దెయ్యమున్నదని. అప్పటిసంది ఒక్కడంటే ఒక్కడు ఆపుతలేడు. మొన్న మా కోడలు గీడనే కానుపయ్యింది."

చాంది చేతిలో పిల్ల మళ్ళీ బిగుసుకుంది. ఆమె తండా భాషలో ఏదో గొణుగుతూ దాని అరికాళ్ళు రుద్దుతోంది. ఊరుకుంటే ఊరుకోవచ్చు, చీకట్లో ఎవరికీ తెలియదు. కానీ సిగ్గు ఆయన్ను నిలువునా కాల్చేసింది.

"రాసింది నేనే" అన్నాడు.

తిడతాడేమో, కొడతాడేమో అని మాస్టారు తల వంచుకుని నిలబడ్డాడు.

"గట్లయితే నువ్వే ఆపు" అన్నాడు బిచ్యా.

ఎనిమిది అయింది. ఎనిమిదింబావు. మాస్టారు మోరీ మీద అటూ ఇటూ తిరుగుతూ ఆలోచించాడు. మూడేళ్ళు బస్సుల్లో తిరిగిన మనిషి కదా... డ్రైవర్లూ కండక్టర్లూ దేనికి భయపడతారో ఆయనకు తెలుసు. దెయ్యానికి భయపడితే బండి పోనిస్తారు. బండి ఆపి మరీ భయపడేది ఒక్క చెకింగు వాళ్ళకే. చీకట్లో, ఊరు లేని చోట కాపు కాసి, టార్చి ఊపి బస్సు ఆపి, టికెట్లు లెక్క చూస్తారు. వాళ్ళకు ఆపకుండా పోతే ఉద్యోగానికే ఎసరు.

సంచీలోంచి టార్చి తీశాడు. నోటుబుక్కు చంకలో పెట్టాడు. వాళ్ళిద్దర్నీ బోర్డు వెనక నిలబెట్టి, తను రోడ్డు నడిమధ్యకు వచ్చాడు. దెయ్యం చెయ్యెత్తి బతిమాలుతుంది. చెకింగు ఆఫీసరు బతిమాలడు. అందుకని పొట్ట కొంచెం ముందుకు పెట్టి, టార్చిని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు... తీరిగ్గా ఊపాడు.

బస్సు వచ్చింది. మీదికే వస్తోంది... ఇంకా వస్తోంది...

కిర్రుమని ఆగింది. కొత్తగూడెం పోయి తిరిగొస్తున్న రామ్‌చందర్ టికెట్ల ట్రే పట్టుకుని దూకినంత పని చేశాడు. "నమస్తే సార్! అందరికి టికెట్లు కొట్టిన సార్! ఒక్కలు గూడ —" అని, మొహం చూసి, ఆగిపోయాడు. "సార్... మీరా?"

"ఇల్లందు మూడు. పిల్లకు ఫిట్సు. జల్దీ పోనియ్యి."

రామ్‌చందర్ తెల్ల ధోవతి వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. చాందికి తన సీటిచ్చాడు. ఆ బస్సు మళ్ళీ ఏ స్టేజీలోనూ ఆగకుండా తిన్నగా దవాఖానా గేటు ముందు ఆగింది. ఇంకో గంట ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నాడు డాక్టరు. మాస్టారు వరండా బల్ల మీద కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడ్చాడు.

ఇంటికి పోయి పత్రికకు సవరణ రాశాడు. "మోరీ స్టేజీ దగ్గర దెయ్యం లేదు. లోపల తండా ఉంది. చెయ్యెత్తేది మనుషులు. దయచేసి బస్సు ఆపండి." ఇచ్చేముందు పిల్లను ఒకసారి చూసొద్దామని, రెండు వారాలాగి, రొట్టెలు కొనుక్కుని బస్సెక్కాడు.

రామ్‌చందర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు రాత్రిపూట అన్ని బండ్లు ఆగుతున్నయ్ సార్. రోజూ టార్చి ఊపుతనే ఉన్నరు గదా. నేను దిగేసరికి మీరు మాయం. తండావోళ్ళు ఎక్కుతున్నరు. మీరేనని నేను ఎవ్వలకు చెప్పలే."

బిచ్యా ఉపాయం బాగానే పట్టుకున్నాడనుకుని మాస్టారు లోలోపల నవ్వుకున్నాడు.

తండాలో పిల్ల కోడిపిల్లల వెంట పరుగెత్తుతోంది. చాంది చాయ్ పెట్టింది. బిచ్యా మాత్రం నిష్ఠూరంగా చూశాడు. "రోజూ గంత దూరంకెళ్ళి ఒచ్చి మాకు బస్సు ఆపబడ్తివి. ఒక్కపూటన్న ఇంట్లకొచ్చి కూసోక పోతివి సారు."

"నేనా? టార్చి నీది కాదా?"

"మాకాడ టార్చి యాడిది?"

చాయ్ చల్లారిపోయింది.

ఎనిమిదిన్నరకు మాస్టారు, బిచ్యా బోర్డు పక్కన నిలబడ్డారు. టార్చి సంచీలోనే ఉంది. సంచీ మూతి మాస్టారి పిడికిట్లో ఉంది. దూరంగా బస్సు చప్పుడు... అప్పుడు మోరీకి అవతలి కొసన వెలుగొకటి లేచింది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు... తీరిగ్గా.

బస్సు ఆగింది. రామ్‌చందర్ దిగి, ఆ చీకట్లోకి వంగి "నమస్తే సార్" అన్నాడు. లేచి ఇటు తిరిగితే, బోర్డు పక్కన మాస్టారు. రామ్‌చందర్ చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి.

మాస్టారు బస్సెక్కి ఖమ్మానికి టికెట్టు తీసుకుని కూర్చున్నాడు. కాసేపటికి జేబులోంచి సవరణ తీసి, దెయ్యం లేదన్న మొదటి వాక్యం కొట్టేసి, మిగతాది అలాగే ఉంచాడు.