ముట్టని కాఫీ

"మన ఏజెంట్లవి పదకొండు పేర్లు," అన్నాడు చీఫ్. "సాయంత్రం అయిదింటికి శత్రువుల చేతికి వెళ్తాయి. ఆ తర్వాత ఆ పదకొండు మందీ బతకరు."

పదకొండో పేరు తన చెల్లెలు రగద్‌దని సుఫ్యాన్‌కి తెలుసు.

పేర్లున్న సర్వర్, రూటర్ రెండూ అమ్మాన్‌లో ఉమ్ అద్వాన్ అనే పెద్దావిడ ఇంట్లో, సామానుగదిలో ఉన్నాయి. ఆ గది ఇనుప తలుపు కోయడానికి గంట పడుతుంది. కరెంటు తీస్తే బ్యాటరీ ఉంది. అక్కడ సర్వర్ పెట్టింది పై గదిలో అద్దెకున్న జెర్మీన్, మొన్నటిదాకా తమ ఏజెంటే.

"సర్వర్ పాస్‌వర్డ్ ఇదిగో. ఆ ఇంటి వైఫైలో దూరి పేర్లు చెరిపెయ్. అంతే."

అంతే అనడం చీఫ్‌కి అలవాటు.

నాలుగూ నలభైకి సుఫ్యాన్ ఇంటర్నెట్ మెకానిక్ టోపీతో, అతికించిన మీసంతో ఉమ్ అద్వాన్ హాల్లో కూర్చున్నాడు. ఆమె వైఫై పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి కాఫీ కాయడానికి వెళ్ళింది. ఇంటర్నెట్ శుభ్రంగా వచ్చింది. సర్వర్ మాత్రం పలకలేదు. అడ్రస్ మళ్ళీ కొట్టాడు. ఫైర్‌వాల్ తీసేశాడు. లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టాడు. ఊహూఁ.

అప్పుడు చూశాడు తన లాప్‌టాప్‌కి వచ్చిన ఐపీ నంబరు. అది సర్వర్ వరసది కాదు. ఆమె ఇచ్చింది అతిథుల వైఫై! దాంట్లో లోకమంతా చూడొచ్చు, పక్కగదిలోని యంత్రాన్ని మాత్రం రూటర్ చూడనివ్వదు.

"మీసం బాగుంది సుఫ్యాన్."

ఎదురు సోఫాలో, ఎప్పుడొచ్చి కూర్చుందో, జెర్మీన్. ఎర్ర గౌను, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, చెయ్యి బ్యాగులో.

"కదలకు. ఇంకో పావుగంట. తర్వాత ఎక్కడికెళ్ళినా నాకు అభ్యంతరం లేదు."

"ఆ పేర్లలో నీతో ఒకే కంచంలో తిన్నవాళ్ళున్నారు."

"అందుకే ఆ జాబితా మళ్ళీ తెరిచి చూడలేదు."

సుఫ్యాన్ తెచ్చుకున్న కేబుల్ టెస్టర్‌కి ఒక మీట ఉంది. నొక్కితే కింద వీధిలో కాచుకున్న తమ దళం పైకి వస్తుంది. వచ్చి అతడి శవాన్ని దించడం తప్ప ఏం చేస్తుంది?

ఉమ్ అద్వాన్ మూడు కప్పులు తెచ్చింది. జెర్మీన్ గటగటా తాగేసింది. సుఫ్యాన్ తన కప్పు అందుకుని, పెదవి తాకించకుండా ముందు పెట్టుకున్నాడు.

ఉమ్ అద్వాన్ మొహంలో నవ్వు ఆగిపోయింది. అక్కడి ఆచారంలో, అతిథి కాఫీ ముట్టకుండా అలా పెట్టాడంటే అతడికేదో అవసరం ఉన్నట్టు. అది తీర్చకపోతే ఆ ఇంటికి తలవంపులు.

"ఏం కావాలి నాయనా?"

"వైఫై పాస్‌వర్డ్ పెద్దమ్మా. అతిథులది కాదు, ఇంటిది."

"ఆంటీ! ఎవరికీ ఇవ్వనని నాకు మాటిచ్చారు!"

"ఇచ్చాను. ఇతని కప్పు చూడు, నిండుగా ఉంది. నీదేమో ఖాళీ చేసేశావు. తాగేశాక అడిగితే ఎలాగమ్మా?" ఉమ్ అద్వాన్ లేచి వచ్చి లాప్‌టాప్ మీదికి వంగింది. "మా ఆయన గుర్రం పేరు నాయనా. శహ్‌లా. రెండుసార్లు కొట్టు."

బ్యాగులోని పిస్టలుకీ అతడికీ మధ్య ఇప్పుడు ఆ ముసలమ్మ వీపు అడ్డంగా ఉంది. రెండేళ్ళుగా ఆమె చేతి కాఫీ తాగిన జెర్మీన్ చెయ్యి బ్యాగులోంచి బయటికి రాలేదు.

నాలుగూ యాభై తొమ్మిదికి సర్వర్ పలికింది. పదకొండు పేర్లూ చెరిగిపోయాయి. సుఫ్యాన్ మీట నొక్కి, చల్లారిన కాఫీ చుక్క మిగల్చకుండా తాగాడు. అంత రుచైన కాఫీ అతడెన్నడూ తాగలేదు.

తలుపు తోసుకుని ఆరుగురు తుపాకులతో దూసుకొచ్చారు. ఉమ్ అద్వాన్ వాళ్ళని లెక్కపెట్టుకుంది.

"కూర్చోండి, కాఫీ పెడతాను. పాస్‌వర్డ్ కావాల్సినవాళ్ళు మాత్రం ఇప్పుడే చెప్పండి. ఇంకో కప్పు చల్లారితే నేను ఊరుకోను."