నాలుగో టేకు

పరుగు.

వెనక స్టోర్ గది తలుపు గోడకు కొట్టుకుంది. ముందు ఇనుప మెట్లు. ఒక్కో అంగకు రెండేసి మెట్లు ఎక్కేస్తోంది ఆమె.

చంకలో రేకు డబ్బా. డబ్బాలో ఇరవై ఆరేళ్ల నాటి సౌండ్ టేపు.

వెనక అడుగులు...

బూట్ల చప్పుడు కాదు. తడి గుడ్డను నేలకేసి కొడుతున్నట్టు ఉంది. తప్... తప్... తప్.

వస్తున్నవాడు ఆగమని అరవడం లేదు. అరిస్తే ఇంత భయం వేసేది కాదు.

రెండో అంతస్తు. పొడవాటి వరండా. ఒక్కటే లైటు, అదీ ఆరుతూ వెలుగుతూ ఉంది. టైము నాలుగూ నలభై.

కింద స్టూడియో వెనక మైదానంలో యూనిట్ మొత్తం సూర్యోదయం కోసం కాచుకుని ఉంది. సిరీస్‌లో ఆఖరి ఎపిసోడ్, ఆఖరి షాటు. రక్తం తాగే గ్యాంగ్ లీడర్‌ను పోలీసులు బయటకు లాగుతారు. ఎండ తగలగానే వాడు భగ్గుమని అంటుకుని చస్తాడు.

పాత సినిమాలో అలాగే చచ్చాడు.

ఆ సినిమా వచ్చి ఇరవై ఆరేళ్లయినా జనం ఆ పదకొండు సెకన్ల కోసమే మళ్లీ మళ్లీ చూస్తారు. ఈలలు వేస్తారు. ఆ మంటల బొమ్మ వేసిన టీషర్టును ఆమె మొదటిసారి కాలేజీ క్యాంటీన్‌లో చూసింది. ముందు వరసలో కూర్చున్న అబ్బాయి వీపు మీద.

ఆ మంటల్లో ఉన్నది హీరో కాదు. డూప్.

ఆమె నాన్న.

నటన కాదది. నిజంగానే చనిపోతున్నాడు.

కట్ చెప్పడం ఆలస్యమైంది, తప్పు నాదే అని డైరెక్టర్ పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. అమ్మ ఆ మాట నమ్మలేదు. "ఆలస్యం కాదే... షాటు బాగా వస్తోందని చెప్పనే లేదు వాడు," అనేది. బియ్యం ఏరుతూ అనేది, బట్టలు మడత పెడుతూ అనేది.

ఇప్పుడు అదే డైరెక్టర్ ఆ సినిమాను సిరీస్‌గా తీస్తున్నాడు. అందరూ పెద్దాయన అంటారు. ఆ పదకొండు సెకన్లు ప్రతి ఎపిసోడ్‌లో టైటిల్స్ కింద వస్తాయి. అది సిరీస్ తీయిస్తున్న కంపెనీ పెట్టిన షరతు.

ఎనిమిది ఎపిసోడ్లు. ఎనిమిదిసార్లు నాన్న కాలిపోతాడు.

అందుకే ఆమె ఈ సిరీస్‌కు ఎడిటర్‌గా చేరింది. పాత రీళ్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు, ఒక్కటి తప్ప. ఆఖరి సీను, నాలుగో టేకు, సౌండు. ఆ డబ్బా మీద పెద్దాయన చేతిరాత. 'తెరవొద్దు.'

ఈ టేపులో 'కట్' అన్న మాట లేదని తేలితే చాలు. కోర్టుకెళ్లి సిరీస్ ఆపించేయవచ్చు.

తప్... తప్... దగ్గరకొచ్చేశాడు.

ఎడిటింగ్ గది. తాళం చెవి చేతిలోంచి జారింది. వంగింది. తీసింది. తిప్పింది. లోపల పడింది. గొళ్లెం!

అదే క్షణంలో తలుపు మీద అరచెయ్యి పడింది. చప్... తడిగా.

తలుపు కింద సందులోంచి ఏదో లోపలికి కారుతోంది. చిక్కగా, చల్లగా, నీళ్లలా మెరుస్తూ.

ఆమెకు తెలుసు అదేమిటో. నిప్పు షాటు చేసేవాళ్లు ఒంటికి పూసుకునే జెల్లు.

"తలుపు తియ్యవే కత్తెరా."

ఎడిటర్ అయిన రోజు నుంచీ ఆమెను అలా పిలిచేది లోకంలో ఒక్కడే.

"బాబాయ్?"

నాన్న తమ్ముడు. ఈ సిరీస్‌కు ఫైట్ మాస్టర్. నాన్న పోయాక ఇంటిని మోసింది ఆయనే. ఆమె ఫీజులు, అమ్మ ఆపరేషను, పెళ్లి మాట ఎత్తితే "నన్నెవత్తి చేసుకుంటుందిలే" అని నవ్వడం. ఈ రోజు ఆ షాటు తనే చేస్తానని పట్టుబట్టి మరీ జెల్లు పూసుకున్నాడు.

"నువ్వెందుకు తరుముతున్నావు బాబాయ్? ఎవడో పెద్దాయన మనిషి అనుకున్నా. గుండె ఆగిపోయింది."

"ఈ ఫైర్ సూటేసుకుని మెట్లెక్కితే నాదే ఆగేలా ఉంది." రొప్పుతున్నాడు. "అది ఇచ్చెయ్యి తల్లీ. వినకు."

"ఇది నీకోసం కూడా. పెద్దాయన గుట్టు ఇందులో ఉంది."

"ఒక్కసారి నా మాట విను..."

"అక్కడే నిలబడి నువ్వూ విను. సౌండు పెంచుతున్నా."

మూలన ఉన్న పాత మిషన్ మీద టేపు ఎక్కించింది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి నిలిచింది.

బటన్.

గరగర... గాలి... ఎవరో దగ్గారు.

తర్వాత మైకుకు బాగా దగ్గరగా, తగ్గు స్వరంలో ఒక మగ గొంతు. ఆమె మూడేళ్ల వయసు తర్వాత వినని గొంతు.

"ఒరేయ్, ఇందాక తొందరపడి దుప్పటితో దూకి షాటు తగలేశావు. డైరెక్టర్‌కి పిరికితనం ఎక్కువ, ఊరికే కట్ కట్ అంటాడు. ఈసారి ఎవడు కట్ అన్నా కదలకు. నా చెయ్యి చూడు. నేను చెయ్యి ఎత్తితేనే దుప్పటి తే. రెండో దుప్పటివాడికీ చెప్పు. ఈ ఒక్క షాటు పడితే మనం మాస్టర్లం రా."

లేత గొంతు. పందొమ్మిదేళ్లుంటాయేమో.

"సరే అన్నయ్యా."

క్లాప్. యాక్షన్. భగ్గుమన్న చప్పుడు.

ఆమె లెక్కపెడుతోంది. ఒకటి... రెండు... ఆరు... ఏడు...

"కట్!"

స్పష్టంగా ఉంది. ఏడో సెకనులో.

"కట్... కట్... దుప్పటి ఏదిరా, వెళ్లండి... ఎవడిరా అక్కడ నిలబడింది..."

ఆ అరుపుల మధ్య లేత గొంతు. ఏడుస్తోంది.

"చెయ్యి ఎత్తలేదు సార్... అన్నయ్య ఇంకా చెయ్యి ఎత్తలేదు..."

మంట వైపు ఎవరో పరిగెడుతున్న చప్పుడు. టేపు అయిపోయింది. ఖాళీ చక్రం తిరుగుతూనే ఉంది.



"వినేశావుగా," అన్నాడు బాబాయి తలుపు అవతల నుంచి. "పెద్దాయన ఆ రాత్రే నన్ను పక్కకి తీసుకెళ్లాడు. నువ్వు జైలుకెళ్తే మీ వదినకీ పిల్లకీ దిక్కెవడ్రా, నోరు మూసుకో, నేను చూసుకుంటా అన్నాడు. మూసుకున్నా."

"బాబాయ్..."

"వదిన ఆయన్ని తిట్టినప్పుడల్లా పక్కనే కూర్చుని అన్నం తిన్నానే."

ఆమె ఖాళీ చక్రాన్ని ఆపింది.

"వస్తా. షాటుకి టైమైంది."

తప్... తప్... తప్. అడుగులు దూరమయ్యాయి.

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. ఎంతసేపు అలా ఉండిపోయిందో తెలియదు. కిటికీలో చీకటి పలచబడింది. కింద నుంచి మెగాఫోన్.

"రెడీ..."

ఉలిక్కిపడింది.

గొళ్లెం తీసింది. వరండా ఖాళీ. నేల మీద జెల్లు మరకలు మెట్ల దాకా ఉన్నాయి.

మళ్లీ పరుగు. ఈసారి తరిమేది ఆమె.

మెట్లు. గేటు. లైట్ల స్టాండ్లు. కేబుళ్లు. తట్టుకుని పడింది, లేచింది. తూర్పున ఎర్రటి గీత.

"యాక్షన్!"

మైదానం మధ్యలో మనిషి ఎత్తు మంట.

యూనిట్ అంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. బాబాయి నడుస్తున్నాడు. తూలాడు. మోకాళ్ల మీద పడ్డాడు.

"కట్!" పెద్దాయన గొంతు చీలిపోయింది. "కట్, కట్... వెళ్లండి!"

దుప్పట్ల వాళ్లిద్దరూ కదల్లేదు. కళ్లార్పకుండా మంట వైపే చూస్తున్నారు.

"కట్ అన్నారుగా, వెళ్లరేం?" ఒకడి భుజం పట్టుకుని ఊపేసింది ఆమె.

"మాస్టారు చెయ్యి ఎత్తితేనే రమ్మన్నారు మేడమ్. ఎవరు కట్ అన్నా కదలొద్దని ఒట్టేయించుకున్నారు."



దుప్పటి లాక్కుంది. నీళ్లు కారుతున్న బరువైన ఉన్ని దుప్పటి. దాంతోనే పరిగెత్తింది, కెమెరా ముందు నుంచే, ఫ్రేమ్ మధ్యలోకే.

వేడి మొహాన్ని కొట్టింది. కనుబొమలు చిటపటమన్నాయి. కళ్లు మూసుకుని మంట మీద పడిపోయింది.

పొగ... ఆవిరి... తడి ఉన్ని కమురు వాసన.

వెనకాలే ఇంకో దుప్పటి వచ్చి మీద పడింది. నీళ్లు. ఎవరెవరో చేతులు.

మంట ఆరింది.

ఆమె ముసుగు చించేసింది. బాబాయి మొహం మసి కొట్టుకుపోయి ఉంది. పెదాలు కదిలాయి.

"షాటు తగలేశావు కదే."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. "చెయ్యి ఎందుకు ఎత్తలేదు?"

"ఎత్తుదామనే అనుకున్నా."

"ఎప్పుడు బాబాయ్?"

పెద్దాయన పరిగెత్తుకొచ్చి పక్కనే మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆయనా ఆ జవాబు కోసమే చూస్తున్నాడు.

బాబాయి మొహం పక్కకు తిప్పుకున్నాడు.