నేల మరిచిన వేరు

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి లోపల ఒక మనిషి గోడకి చేరగిలబడి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని "లేవండి బాబూ, తడిగుడ్డ పెట్టాలి" అంది ఊడ్చే మనిషి. అతను లేవలేదు. తెల్లకోటు మీద, సూటిగా గుండె దగ్గర చిన్న రంధ్రం. సైలెన్సర్ పని. అతను తెస్తున్న స్టీలు డబ్బా మాయమైంది.

చనిపోయినవాడు మొక్కల పరిశోధనాలయంలో అసిస్టెంట్.

గంట తిరక్కుండా గూఢచారి శాఖ బ్రీఫింగ్ రూమ్‌లో ముగ్గురు కూర్చున్నారు. సరిగ్గా చెప్పాలంటే ఇద్దరే కూర్చున్నారు. మూడోవాడు కాలుగాలిన పిల్లిలా కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాడు. ఒక్కచోట కుదురుగా ఉండలేడు కాబట్టే శాఖలో అతనికి 'నిలకడ' అని పేరు పెట్టారు.

"కూర్చోవయ్యా, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు శాఖాధిపతి. అందరూ పెద్దాయన అని పిలిచేది ఆయన్నే. "ప్రొఫెసర్ గారూ, వీడికి అర్థమయ్యేలా చెప్పండి."

ప్రొఫెసర్ ముఖం వాడిపోయి ఉంది. పోయినవాణ్ణి ఆమె సొంత తమ్ముడిలా చూసుకునేది. అయినా పాఠం చెప్పినట్టే మొదలుపెట్టింది.

"విత్తనాన్ని తలకిందులుగా నాటినా వేరు కిందికే పోతుంది. ఎందుకంటే చిగురులో ఒక హార్మోన్ పుడుతుంది. కణం నుంచి కణానికి చేతులు మారుతూ వేరు కొసకి చేరుతుంది. ఎటు వంగాలో వేరుకి చెప్పేది అదే. ఆ రవాణా ఆగితే ఏమవుతుందో చూద్దామని ఒక రసాయనం తయారుచేశాం. అది తగిలిన మొక్క పైకి పచ్చగానే ఉంటుంది. వేరు మాత్రం నేలలోకి దిగదు. గట్టిగా గాలి వీచిందంటే చేనంతా పడుకుంటుంది."

"డబ్బాలో ఉన్నది అదేనా?"

"అదే."

పెద్దాయన అందుకున్నాడు. "ఎత్తుకెళ్ళింది విదేశీ ముఠా. మన పంట పోతే వాళ్ళ ధాన్యమే మనకి గతి. విత్తనాల ఫ్యాక్టరీలో, విత్తనాలకి చీడ పట్టకుండా చల్లే మందునీళ్ళు నాలుగు ట్యాంకులున్నాయి. ఒకదాన్లో ఇది కలిపేశారని కబురు. సాయంత్రం సైరన్ మోగగానే ఆ నీళ్ళు విత్తనాల మీద పడతాయి, లారీలు బయల్దేరతాయి. అన్నీ ఆపేస్తే రైతులకి అదను దాటిపోతుంది, అప్పుడూ గెలిచేది వాళ్ళే. ఏ ట్యాంకో తేల్చు. అక్కడ నెమలి ఉంటుంది."

నిలకడ ఠక్కున ఆగాడు. నెమలి డబుల్ ఏజెంట్. ముఠాలో ఉంటూ శాఖకి కబుర్లు అందిస్తుంది. ఆమె పేరు వింటే అతని గుండె కొంచెం లయ తప్పుతుంది.

"ల్యాబ్‌లో టెస్ట్ చేయలేరా మేడమ్?"

"మెషీన్ పగలగొట్టి పోయారు. నా మొలకలు మిగిలాయి. వాటినే అడుగుదాం."

మధ్యాహ్నానికి నిలకడ గుబురు మీసం, నూనె మరకల చొక్కాతో బాయిలర్ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. గుండీలో ట్రాన్స్‌మిటర్, జేబులో నాలుగు పెన్నులు, వాటిలో సిరాకి బదులు సిరంజిలు. టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెనకే గుమాస్తా వేషంలో ప్రొఫెసర్. క్యారియర్‌లో ఉన్నది భోజనం కాదు, గాజు పళ్ళాల్లో మొలకలు.

పంపుల హోరు. మందు ఘాటు. ప్రొఫెసర్‌ని క్యాంటీన్ వెనక స్టోర్ రూమ్‌లో కూర్చోబెట్టి, అతను నాలుగు ట్యాంకుల్లోనూ ఒక్కో పెన్ను ముంచాడు. చివరి ట్యాంకు పక్కన పట్టు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు. విత్తనాలు కొనడానికొచ్చిన కంపెనీ ప్రతినిధిలా నెమలి నిలబడి ఉంది.

"మీ మేనత్త కులాసానా?" అన్నాడు.

"పళ్ళు కట్టించుకుంది. ఇంకా ఎవర్నీ కరవలేదు."

కోడ్ కలిసింది. ఆమె పెదవులు కదలకుండా అంది. "మూడో ట్యాంకు. కళ్ళారా చూశాను. దాన్ని మూయించి మిగతావి వదిలెయ్. ఎక్కువసేపు తిరక్కు, అనుమానమొస్తుంది."

నిలకడ గాల్లో తేలుతూ స్టోర్ రూమ్‌కి వచ్చాడు. "తేలిపోయింది మేడమ్. మూడోది."

"ఆ పిల్ల చెప్పిందా? నా మొలకలింకా చెప్పలేదు."

ఆమె ఒక్కో ట్యాంకు నీళ్ళూ ఒక్కో పళ్ళెంలో వేసింది. పళ్ళాల్ని పక్కకి తిప్పి నిలబెట్టింది. "ఇప్పుడు వేర్లన్నీ అడ్డంగా ఉన్నాయి. బాగున్నవి కిందికి వంగుతాయి. మన రసాయనం తగిలినవి ఇలాగే ఉండిపోతాయి."

"ఎంతసేపు?"

"వేరుకి తొందరుండదు నాయనా."

తుపాకీ గుళ్ళ మధ్య పరిగెత్తడం ఇంతకంటే సుఖం. నిలకడ లేచాడు, కూర్చున్నాడు, తలుపు సందులోంచి తొంగిచూశాడు, పళ్ళెం మీద వేలు పెట్టబోయాడు. ప్రొఫెసర్ చేతిమీద ఒక్కటేసింది.

"కదిపావంటే మళ్ళీ మొదటికొస్తుంది. మావాడు వీటి ముందు పూటలకి పూటలు కూర్చునేవాడు. వాడి ప్రాణం పోయింది దీనికోసమే. ఒక్క పూట కూర్చోలేవా?"

అతను బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

గుండీ గరగరలాడింది. "నెమలి కబురు నాకూ అందింది. మూడోది మూయించెయ్యనా?" పెద్దాయన గొంతు.

"ఆగండి సార్. వేర్లు వంగుతున్నాయి."

"ఏం వంగుతున్నాయీ?"

మూడో పళ్ళెంలో వేర్ల కొసలు కొక్కేల్లా కిందికి తిరిగాయి. రెండోదాన్లో, నాలుగోదాన్లో కూడా. మొదటి పళ్ళెంలో మాత్రం అడ్డంగా, నేల అనేది ఒకటుందని మరిచిపోయినట్టు ఉండిపోయాయి.

"మొదటిది!" అంది ప్రొఫెసర్.

అంతలో సైరన్ మొదలైంది.

నిలకడ మెట్లు ఎగిరి దూకాడు. మొదటి ట్యాంకు మీట మీద ఎర్రగోళ్ళ చెయ్యి. రెండో చేతిలో లిప్‌స్టిక్. దాని మూతికి రంగు లేదు, గొట్టం ఉంది.

"మూడోది మూయించి వెళ్ళిపోతావనుకున్నాను. నీకింత ఓపికెక్కడిది?" అంది నెమలి.

"లిఫ్ట్‌లో చంపింది నువ్వేనా?"

"మర్యాదగా డబ్బా ఇమ్మన్నాను. ఇవ్వలేదు. నేను మొదట్నుంచీ వాళ్ళ మనిషినే. తెలుసుకోడానికి మీకే ఇంతకాలం పట్టింది."

మీట కిందికి దిగసాగింది. నిలకడ దూకాడు. లిప్‌స్టిక్ పేలింది. పెట్టుడు మీసం సగం ఎగిరిపోయింది, పెదవి చీరుకుపోయింది. ఆమె రెండోసారి గురి పెట్టేలోగా వెనకనుంచి టిఫిన్ క్యారియర్ ఆమె మణికట్టు మీద దిగింది. ప్రొఫెసర్ ఒంట్లో బలమంతా పెట్టి కొట్టింది, అంతే.

నిలకడ మీటని రెండు చేతులా పట్టి పైకి తోశాడు. ట్యాంకు గొట్టం మూతి దగ్గర ఒక చుక్క ఊగి, ఊగి, అతని బూటు మీద పడింది. రెండో చుక్క రాలేదు.

ప్రొఫెసర్ మెట్టు మీద కూలబడి అప్పుడు ఏడ్చింది. అతను పక్కనే కూర్చున్నాడు.

మొదటి ట్యాంకు వాటా విత్తనాలు ఉత్త మంచినీళ్ళలో, మిగతావి మూడు ట్యాంకుల మందునీళ్ళలో తడిశాక, లారీలన్నీ ఆలస్యంగానైనా బయల్దేరాయి. లోడింగ్ ఆపించిన బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌ని డ్రైవర్లు ఏడు తరాల దాకా వెళ్ళి తిట్టారు. దేశం పంటని కాపాడినందుకు అతనికి జరిగిన బహిరంగ సన్మానం అదొక్కటే.