పత్తికొండ పిల్లల సంతోషం

"మీ బాబు గత వారంలో సంతోషంగా ఉన్నాడా? ఎప్పుడూ, అప్పుడప్పుడూ, అసలు లేదు. మూడింట్లో ఒకటి చెప్పమ్మా," అన్నాడు సర్వేకొచ్చిన ఓబుళేశు, ట్యాబ్ మీద వేలు పెట్టి.

"యాడ సంతోషమప్పా! తిండి సయించదు. పొద్దస్తమానం ఏడుపే," అంది తల్లి.

బాబు ఆమె ఒళ్లో కూర్చుని అంగన్‌వాడీ గుడ్డు తింటున్నాడు. అది అయిపోయాక నవ్వుతూ పక్క పాప గుడ్డు కూడా లాక్కున్నాడు. ఆ బుగ్గల మధ్య ముక్కు ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఓబుళేశు 'అసలు లేదు' నొక్కాడు.

"ఏమప్పా సారూ, కళ్లు యాడ పెట్టుకున్యావు?" పప్పు గరిటె పట్టుకుని అడిగింది టీచర్ శిల్ప.

"కళ్లతో చూసింది రాసేదానికి ఆప్షన్ లేదు మేడం. అమ్మానాయనా చెప్పిందే రాయాల."

"అయితే రాసుకో. మా పత్తికొండ పిల్లోళ్లంత ఏడుపుగొట్టోళ్లు యాడా లేరని రాసుకో."

"అట్లే వస్తాండాది మేడం."

ఆమె కొరకొరా చూసింది. ఆ చూపు ఓబుళేశుకు నచ్చింది. కడపలో పుట్టి పెరిగినా అక్కడ అతన్ని ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

ప్రేమకథల్లో ఇలాంటప్పుడు వాన పడుతుంది. పత్తికొండలో పడలేదు.

కొన్నాళ్లకు కర్నూలు ఆఫీసు నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "ఊళ్లో ఒక్క పిల్లోడన్నా నవ్వలేదా? టీ అంగట్లో కూర్చోని నింపినావా? సోమవారం లోపల సరిచెయ్, లేదంటే కడప బస్సెక్కు."

ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. కడప బస్సెక్కితే శిల్ప కనిపించదు. అది తలచుకుంటేనే ఓబుళేశు గుండె బరువెక్కింది. నేరుగా అంగన్‌వాడీకి వెళ్లి, ఫోన్ సంగతి ఆమెకే చెప్పుకున్నాడు.

"కొత్తోడు వచ్చి అడిగితే నా బిడ్డ బాగుండాడని ఏ తల్లి చెప్తాది? దిష్టి తగల్దా?" అంది శిల్ప.

దిష్టి సంగతి ఓబుళేశుకు తెలియక కాదు. ట్యాబ్‌లోంచి కూడా తగులుతుందని తెలియదు.

"మా అమ్మా అంతే. నన్ను చూడొచ్చిన కోడుమూరు పిల్లోణ్ణి శానా మంచోడు అనింది. ఆ సంబంధం అంతటితో సరి. తనోళ్లు అనుకుంటే మాత్రం వంకలే పెడ్తాది."

"మరి ఎట్ల అడగాల?"

"ఏం అల్లరి చేసినాడని అడుగు."

అడిగాడు. "గోడెక్కినాడు! కోళ్లను తరిమినాడు! పాటలు పాడి మా చెవులు తూట్లు పొడిచినాడు!" అంది అదే తల్లి, ఆపకుండా.

తల్లులందరి తిట్లూ రికార్డు చేసి పంపాడు. సూపర్‌వైజర్ విని, ఆ ప్రశ్న కూడా చేర్చమన్నాడు. తన భార్య పాపను రోజూ ఎందుకు తిడుతుందో అప్పుడు అర్థమైందట.

సర్వే ముగిసింది.

"ఇంక కడపకు పోతాండావా?" అంది శిల్ప.

"పోబుద్ధి కాలేదు."

"పనైపాయె కదా?"

"పనైపోయింది. నువ్వంటే ఇష్టం శిల్పా. అది అయిపోలేదు."

శిల్ప అప్పటికే ఉడికిపోయిన పప్పును చాలాసేపు కలిపింది. "మా అమ్మను అడుగు," అంది గిన్నెలోకి చూస్తూనే.

ఆదివారం శిల్ప వాళ్లమ్మ నాగలక్ష్మమ్మ అతనికి సంగటి, ఊరిబిండి పచ్చడి వడ్డించింది. తేరిపార చూసి, "శానా మంచోని మాదిరుండావు నాయనా," అంది.

ఎత్తిన ముద్దను ఓబుళేశు మళ్లీ కంచంలో పెట్టేశాడు.

"నేను మంచోణ్ణి కాదమ్మా!" అన్నాడు ఓబుళేశు. "నిజంగా కాదు. మీ శిల్పంటే నాకు పానం. మీరు కాదంటే కడపకు ఏం మొగం పెట్టుకోని పోవాల్నో తెలీదు."

నాగలక్ష్మమ్మ అతన్ని చూసింది. కంచాన్ని చూసింది.

"ఏందిది, ముద్ద ముద్దట్లే ఉండాది? టోపీ లేకుండా ఎండన పడి తిరిగి మాడిపోయినావు. ఎముకలు తప్ప ఏముండాది ఒంట్లో? నిన్ను మనిషిని చేసేదానికి నాకు ఏడాది పడ్తాది!" అంటూ వంటింట్లోకి పోయి గుప్పెడు ఉప్పు తెచ్చింది. అతని తల చుట్టూ తిప్పి దిష్టి తీసింది.

ఓబుళేశు కదలకుండా కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

గుమ్మంలోంచి శిల్ప అడిగింది. "సారూ, గత వారంలో సంతోషంగా ఉండావా?"

"యాడ సంతోషం మేడం! తిండి సయించదు. పొద్దస్తమానం ఏడుపే."