కుప్పం స్టేషన్‌లో నిత్యకల్యాణి

పుంగనూరు నర్సరీలో ప్రొఫెసర్ భానుప్రకాశ్‌ను పొద్దున ఏడింటికి కాల్చి చంపారు. పదేళ్లుగా ఆయన పెంచిన బిళ్ళగన్నేరు మొక్కలన్నీ తగలబెట్టారు. మిగిలింది ఒక్క ట్రే.

మదనపల్లె టమాటా మండీ వెనక గదిలో చీఫ్ జగదీష్ ఆ ట్రేను టమాటా క్రేటు అడుగున దాచి, వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ దేవేంద్ర చేతికిచ్చాడు.

"సూడప్పా, మామూలు బిళ్ళగన్నేరులోనే బ్లడ్ క్యాన్సర్ మందుండాది. ఈ రకంలో అంతకన్నా గట్టిదుండాదని ప్రొఫెసర్ నమ్మకం. ఇంకా టెస్టులు కావాల. ఫారిన్ ముఠా దీన్ని కొట్టేయాలని సూస్తాండాది. కుదరకుంటే మొక్కల్నే చంపేస్తాది. కుప్పం స్టేషన్‌లో మన చంద్రికకియ్యి, బెంగళూరు ల్యాబుకు తీస్కపోతాది. 'ఇంట్లో ఏం పూలు?' అని నువ్వడగాల. 'బిళ్ళగన్నేరు' అని ఆయమ్మ అనాల."

దేవేంద్ర తలూపాడు. అతని ఏడేళ్ల కూతురు కుసుమ అదే బ్లడ్ క్యాన్సర్‌తో బెంగళూరు ఆస్పత్రిలో ఉంది. పాత మందు పనిచేయడం మానేసి నెలయింది. ఆ సంగతి తెలిసిన చీఫ్ అతని కళ్లలోకి చూడలేకపోయాడు.

చంద్రికను దేవేంద్ర ఎన్నడూ చూడలేదు. దారిలో ఫోన్ చేసి రిహార్సల్ వేయించాడు. మూడుసార్లూ ఆ పిల్ల "నిత్యకల్యాణి" అనే అంది.

"బిళ్ళగన్నేరును మా కుప్పంలో అట్లే అంటామన్నా, నోట్లో అదే వస్తాది!"

ఖర్మరా బాబూ అనుకున్నాడు దేవేంద్ర.

కుప్పం ప్లాట్‌ఫారం. బెంగళూరు రైలు కదలబోతోంది. ఒకామె ఎదురొచ్చింది. నల్లకళ్లద్దాలు, ఎర్ర పట్టుచీర, గుప్పుమనే సెంటు. అబ్బ, ఏం అందం!

"ఇంట్లో ఏం పూలు?"

"బిళ్ళగన్నేరు," తడుముకోకుండా అందామె.

హమ్మయ్య అనుకుంటూ క్రేటు అందించాడు. ఆమె చేయి క్రేటు మీద పడింది, రైలు కూత వేసింది. అప్పుడు తట్టిందతనికి. ఇంత సరిగ్గా ఎలా చెప్పింది?

క్రేటు వెనక్కి లాగాడు. టమాటాలు దొర్లిపోయి ఆకులు బయటపడ్డాయి. ఆమె సెంటుబుడ్డి తీసి నొక్కింది. కలుపుమందు! దేవేంద్ర మొక్కలకు అడ్డంగా పడ్డాడు. చొక్కా అంతా తడిసింది. మరుక్షణం ఆమె మణికట్టుకు బేడీ పడింది, విగ్గు ఊడింది. రేష్మ! చీఫ్ ఆఫీసులో కోడ్‌లు టైపు చేసే రేష్మ!

ఇంతలో నూలుచీర పిల్ల ఒకతి ఎగరొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. "నేనే చంద్రికనన్నా! ఆటో టైరు కోసేసినారు!"

"ఇంట్లో ఏం పూలు?"

"నిత్యకల్యాణి... అయ్యో, మళ్లా తప్పు జెప్తినా?"

టెస్టులకు ఏళ్లు పడతాయి. కుసుమకు నెలలైనా ఉన్నాయో లేదో. అయినా దేవేంద్ర ట్రే తీసి ఆ పిల్ల చేతుల్లో పెట్టాడు.

"తప్పే జెప్తివి తల్లీ. అందుకే ఇస్తాండా. ఎక్కు!"